మేడ మీది సంగతులు చెప్పే ముందు

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి తల్లికి, మీ అత్త ఆశీస్సులు.

2024 సెప్టెంబరు 1న విజయవాడ సింగ్‌నగర్‌లో మీ ఇల్లు వరదలో మునిగిన నాటి సంగతులను ఇన్‌స్టాగ్రామ్‌లో వరుసగా చెప్పబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంటి పిల్ల నలుగురి ముందూ నోరు విప్పి మాట్లాడుతుందని ఎంత పొంగిపోయానో, అంత దిగులుతో రాత్రంతా మేలుకున్నాను.

"అందరికీ నమస్కారం" అంటూ మొదలుపెట్టకు. అది ముగిసేలోగా చూసేవాళ్లు పైకి జరిపేస్తారు. గ్యాస్ సిలిండరు వంటింట్లోంచి తేలుతూ హాల్లోకి వచ్చిందని ఆనాడు నాకు చెప్పావే, ఆ మాటతో మొదలుపెట్టు. "చాలా కష్టపడ్డాం" అంటే ఎవరి కళ్లకూ ఏమీ కట్టదు, ఆ సిలిండరు కడుతుంది. వీడియో కింద 2,200 అక్షరాల వరకు రాయవచ్చు గాని, తెరవకుండా కనిపించేది మొదటి ఒకటి రెండు పంక్తులే. మీ వీధిని ముంచింది గండ్లు పడిన బుడమేరు వాగు, కృష్ణ కాదు. చూడటానికి బాగుందని కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ దృశ్యాలను దానికి అతికించావంటే, ముందుగా మీ పేటవాళ్లే నిన్ను నమ్మడం మానేస్తారు.

ఇక నా దిగులు సంగతి. 1994లో మీ నాన్న మిర్చి వ్యాపారంలో నష్టపోయి, అప్పులవాళ్లకు మొహం చూపలేక, పదకొండు రోజులు మా వెనక గదిలో దాక్కున్నాడు. నేను దానిని కథగా రాసి ఒక వారపత్రికకు పంపాను. పేరు మార్చాను, మిర్చి యార్డు దగ్గరి కొట్టునూ, తోస్తే తప్ప కదలని వాడి స్కూటరునూ మాత్రం, కథకు ప్రాణం అవేననుకుని, అలాగే ఉంచాను. అచ్చయిన వారంలోనే తెలిసినవాళ్లందరూ గుర్తుపట్టారు. మీ నాన్న ఆ పత్రికను మడిచి నా బల్ల మీద పెట్టి, "రాస్తానని నాతో ఒక్క మాటైనా అనలేదే, అక్కా" అన్నాడు. ఆ తరువాత రెండు సంక్రాంతులకు మా గడప తొక్కలేదు. ఆ కాగితాలు నెల తిరగకుండా బజ్జీల పొట్లాలయ్యాయి. నీ వీడియోను నువ్వు తీసేసినా ఎవరి ఫోనులోనో ఉండిపోతుంది. ఇదంతా నీకు రాయవచ్చునా అని నిన్న వాడినే అడిగాను, రాయమన్నాడు.

మేడ మీద మీ నాన్న ఏడ్చిన సంగతి కూడా చెబుతావని విన్నాను. నువ్వు కళ్లారా చూసినదే, వినేవాళ్లను కదిలించేదీ అదే కావచ్చు. అయినా ముందుగా వాడికి చదివి వినిపించు తల్లీ. ఊఁ అన్నాడని సరిపెట్టుకోకుండా మొహం చూడు. ఇష్టం లేదనిపిస్తే బుజ్జగించి ఒప్పించకుండా ఆ భాగం తీసేయి. కామెంట్లలో ఎవరైనా వాడిని కించపరిస్తే వాదనకు దిగకు, వెంటనే తొలగించు.

పెట్టే ముందు రోజు ఫోను చేయి. బస్సెక్కి వచ్చి, మీ నాన్న పక్కన కూర్చుని చూస్తాను.

మీ అత్త