ఎక్స్3 ఎం40ఐ బ్రేకులు అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మనమే మార్చుకోవచ్చా? రెండుసార్లు మార్చినవాడిగా నా జవాబు

మీది బీఎండబ్ల్యూ ఎక్స్3 ఎం40ఐ, ప్యాడ్ల వార్నింగ్ వచ్చింది, నాలుగు చక్రాలకూ ప్యాడ్లు, డిస్కులు మార్చాలన్నారు, వర్క్‌షాప్‌లో చెప్పిన రేటు విని ఆగిపోయారు. బెంగళూరులో అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో సొంతంగా చేసుకోవచ్చా అన్నది మీ ప్రశ్న. చేసుకోవచ్చండీ. నాదీ అదే బండి, ఉండేది వైట్‌ఫీల్డ్‌లో. రెండుసార్లు చేశాను. రెండోసారి ఎందుకు చేయాల్సి వచ్చిందో ముందు చెబుతాను, మీకు బాగా పనికొచ్చేది అదే.

నా బండి సెకండ్ హ్యాండ్. చెన్నైలో, ఈసీఆర్ పక్కన సముద్రానికి దగ్గర్లో ఉన్న ఇంట్లో తిరిగిన బండి. మొదటిసారి మా బావమరిదీ నేనూ కలిసి శనివారం పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి నాలుగు చక్రాలూ ముగించాం. పెడల్ గట్టిగా ఉంది, చప్పుడు లేదు. సంతోషంగా పడుకున్నాం. సుమారు మూడు వేల కిలోమీటర్లు తిరిగాక, కుటుంబంతో తిరుమల వెళ్తుంటే కోలార్ దాటిన తర్వాత వంద స్పీడులో బ్రేక్ నొక్కితే స్టీరింగ్ వణికింది. ముళబాగిలు వచ్చేసరికి పక్క సీట్లో ఉన్న మా ఆవిడకు కూడా తెలిసిపోయింది. దారంతా టెన్షనే.

తెలిసినవాళ్లందరూ డిస్క్ వంకరపోయిందనే అన్నారు. నేనూ అదే అనుకున్నాను. ఇంటికొచ్చి కుడివైపు ముందు చక్రం విప్పి, డిస్క్ తీసి, టార్చ్ వేసి చూస్తే హబ్ (డిస్క్, చక్రం ఆనుకుని బిగిసే మధ్య భాగం) మీద, రెండు బోల్టు రంధ్రాల మధ్యలో, గోరంత తుప్పు పొక్కు ఉంది. ఉప్పుగాలి పెట్టిన తుప్పు. మొదటిసారి వైర్ బ్రష్‌తో పైపైన రుద్ది వదిలేశాను. బొటనవేలి గోటితో గీస్తే అక్కడ ఎత్తు తగులుతోంది. ఎంత ఎత్తు? ఒక కాగితం మందం కూడా ఉండదు.

ఆ కాస్త ఎత్తు అంత పని ఎలా చేస్తుందంటే: డిస్క్ హబ్ మీద సమంగా కూర్చోదు. హబ్ దగ్గర ఉన్న తేడా డిస్క్ అంచుకు వచ్చేసరికి రెండింతలకు పైగా పెరుగుతుంది, ఎందుకంటే ముందు డిస్క్ 348 మిల్లీమీటర్లు, హబ్ అందులో సగం కూడా ఉండదు. అప్పుడు చక్రం తిరిగిన ప్రతిసారీ, మనం బ్రేక్ నొక్కకపోయినా, డిస్క్‌లో ఒకే చోటు ప్యాడ్‌కు రాసుకుంటూ పోతుంది. అందుకే మొదటిరోజు ఏమీ తెలియదు. రెండు మూడు వేల కిలోమీటర్లకు ఆ చోట మందం తగ్గుతుంది, బ్రేక్ నొక్కగానే ప్యాడ్లను తోసే పిస్టన్లు ముందుకీ వెనక్కీ కదులుతాయి, వణుకు స్టీరింగ్‌లోకి వస్తుంది. డిస్క్ వేడికి వంగిపోయిందని మనం అనుకునే సందర్భాల్లో చాలావరకు జరిగేది ఇదే, లేదంటే ప్యాడ్ పదార్థం డిస్క్ మీద ఎగుడుదిగుడుగా అంటుకోవడం. కొత్త డిస్కులు మళ్లీ కొని వేసినా, తుప్పు అక్కడే ఉంటే కథ మళ్లీ మొదటికే వస్తుంది.

రెండోసారి ఒక్కో హబ్ మీద ముప్పావు గంట పెట్టాను. వైర్ బ్రష్, తర్వాత ఎమెరీ కాగితం, తర్వాత బ్రేక్ క్లీనర్ చల్లిన తెల్లగుడ్డ. గుడ్డ మీద ఎర్రటి మరక రాకుండా పోయేదాకా తుడిచాను. చక్రం బోల్టులు దూరే రంధ్రాల అంచులు, మధ్యలో పైకి ఉండే గుండ్రటి అంచు, ఈ రెండు చోట్లా తుప్పు దాక్కుంటుంది, అక్కడ ఎక్కువ రుద్దండి. హబ్ ముఖం మీద గ్రీజు పూయొద్దు. మధ్య అంచుకు మాత్రం వేలితో పల్చగా రాస్తే చాలు. తర్వాత డయల్ గేజ్‌తో, అంటే డిస్క్ తిరిగేటప్పుడు అటూ ఇటూ ఎంత ఊగుతుందో చూపే ముల్లు మీటర్‌తో, కొలిచాను. ఈ బండికి చక్రం విప్పేస్తే డిస్క్‌ను పట్టుకునేది ఒక చిన్న స్క్రూ మాత్రమే, కాబట్టి కొలిచే ముందు చక్రం బోల్టులనే వాషర్లు వేసి బిగించి, డిస్క్‌ను హబ్‌కు గట్టిగా ఆనించాలి. తుప్పు ఉన్నప్పుడు 0.11 మిల్లీమీటర్ చూపించిన ముల్లు, శుభ్రం చేసి కొత్త డిస్క్ పెట్టాక 0.03 చూపించింది. 0.05 లోపు ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు.

రెండో జాగ్రత్త వెనక చక్రాల దగ్గర. వెనక కాలిపర్‌లోనే (ప్యాడ్లనూ పిస్టన్‌నూ పట్టుకుని ఉండే భాగం) పార్కింగ్ బ్రేక్ మోటార్ ఉంటుంది. పాత బండ్లలోలా పిస్టన్‌ను క్లాంప్ పెట్టి లోపలికి తోసేస్తే మోటార్ వెనకున్న గేర్లు, స్క్రూ దెబ్బతింటాయి. ముందు బండి కంప్యూటర్‌కు తగిలించే స్కానర్ పెట్టి పార్కింగ్ బ్రేక్‌ను సర్వీస్ మోడ్‌లోకి పంపాలి. మోటార్ వెనక్కి తిరిగిన చప్పుడు రెండు వైపులా వినిపించాకే కాలిపర్ మీద చెయ్యి వేయండి. పని ముగిసేదాకా పార్కింగ్ బటన్‌ను ఎవరూ ముట్టుకోకుండా చూసుకోండి. పిల్లలు కార్లో ఎక్కి కూర్చుంటారు, మా ఇంట్లో అదే భయం, అందుకే తాళం జేబులో పెట్టుకున్నాను.

ముందు చక్రాలు నిజానికి సులువు. నాలుగు పిస్టన్ల కాలిపర్ కాబట్టి అన్నిటినీ ఒకేసారి, నిదానంగా లోపలికి తోయాలి. తోసేటప్పుడు బానెట్ కింద ఫ్లూయిడ్ డబ్బాలో మట్టం పైకి వస్తుంది, పొర్లితే పెయింట్ పాడవుతుంది. మధ్యమధ్యలో చూసుకుంటూ, అవసరమైతే సిరంజితో కాస్త తీసేయండి. కాలిపర్‌ను గొట్టం మీద వేలాడదీయొద్దు, తీగతో స్ప్రింగ్‌కు కట్టండి. డిస్క్ ఒక్కోటి పది కిలోలకు పైనే ఉంటుంది, కాలి మీద పడకుండా చూసుకోండి.

ప్యాడ్ సెన్సర్లు రెండే: ముందు ఎడమ, వెనక కుడి. వార్నింగ్ వచ్చిందంటే ఆ తీగ అప్పటికే అరిగిపోయి ఉంటుంది, కొత్తది వేయాల్సిందే. ధర తక్కువే, రెండూ కొనేయండి.

విడిభాగాల కోసం జేసీ రోడ్డుకు వెళ్తే ఛాసిస్ నంబర్ చివరి ఏడు అంకెలు చెప్పి, పార్ట్ నంబర్ రాయించుకుని, దానితో పెట్టె మీది నంబర్ సరిపోల్చుకుని తీసుకోండి. ఎక్స్3లోనే వేరే వేరే సైజుల బ్రేకులు ఉన్నాయి, "ఎక్స్3కి ఇదే సార్" అంటే సరిపోదు. బోల్టుల్లో కొన్ని ఒక్కసారికే పనికొస్తాయి. మరమీద రంగు పూత లాంటి జిగురు ఉన్న బోల్టు కనిపిస్తే దాన్ని మళ్లీ వాడకండి. డిస్క్ కూడా తప్పకుండా మార్చాలా అన్నది మీ రెండో ప్రశ్న. డిస్క్ మీద కనిష్ఠ మందం ముద్రించి ఉంటుంది. మైక్రోమీటర్‌తో నాలుగు చోట్ల కొలిచి, దాని కన్నా సౌకర్యంగా ఎక్కువ ఉంటే ప్యాడ్లు మాత్రం మార్చండి. కొత్త ప్యాడ్లతో ఇంకో ముప్ఫై వేల కిలోమీటర్లు తిరగాలంటే అంచు మీద నిలబడ్డ డిస్క్ ఎందుకు ఉంచుకోవడం, నా అభిప్రాయం అది.

జాకీ మాట. బేస్‌మెంట్‌లో ర్యాంప్‌కు దూరంగా సమంగా ఉన్న చోటు చూసుకోండి, మిగతా చక్రాలకు రాళ్లో చెక్కదిమ్మెలో పెట్టండి, జాకీ ఎత్తాక స్టాండ్ మీద దింపండి. దాదాపు రెండు టన్నుల బండి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టి చక్రం కిందకి కాలు కూడా చాపకండి. అసోసియేషన్‌కు ముందురోజే చెప్పేస్తే గొడవ ఉండదు. బ్రేక్ పొడిని గాలితో ఊదొద్దు, తడిగుడ్డతో తుడిచేయండి. మూసి ఉన్న చోట అది మనమే పీలుస్తాం.

బిగించడం టార్క్ రెంచ్‌తోనే. చక్రం బోల్టులకు 140 న్యూటన్ మీటర్లు, ఎదురెదురుగా, రెండు విడతల్లో. కాలిపర్ బోల్టులకు ముందూ వెనకా వేరే లెక్కలు, మీ ఛాసిస్ నంబర్‌కు సంబంధించిన మాన్యువల్ చూసే బిగించండి. నూరు కిలోమీటర్లు తిరిగాక చక్రం బోల్టులు మళ్లీ ఒకసారి చూస్తాను.

బండి కదిపే ముందు పెడల్‌ను గట్టిపడేదాకా నిదానంగా నొక్కుతూ ఉండాలి. పిస్టన్లు లోపలికి తోసి ఉంటాయి కాబట్టి మొదటి నొక్కుకు పెడల్ నేలదాకా పోతుంది. ఇది మర్చిపోయి రివర్స్ వేస్తే వెనక ఉన్న స్తంభమే ఆపుతుంది. తర్వాత ఫ్లూయిడ్ మట్టం చూసి, స్కానర్‌తో సర్వీస్ మోడ్ నుంచి బయటికి తెచ్చి, పార్కింగ్ బ్రేక్ రెండుసార్లు పట్టేలా వేసి, ప్యాడ్ల లెక్క రీసెట్ చేయండి.

కొత్త ప్యాడ్లను కుదుర్చుకోవడానికి నేను ఆదివారం తెల్లవారుజామున హోస్‌కోటె దాటి కోలార్ హైవే మీదికి వెళ్లాను. ఎనభై స్పీడు నుంచి ఇరవై దాకా మెల్లగా బ్రేక్ వేస్తూ, పది సార్లు. పూర్తిగా ఆపకూడదు, వేడి మీదున్న ప్యాడ్ ఆగిన చోట డిస్క్‌కు అంటుకుంటుంది. ఆ తర్వాత బ్రేకు ముట్టకుండా పది నిమిషాలు నడిపి చల్లారనివ్వాలి. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఇది కుదరదు, అందుకే ఆ పొద్దు.

ఫ్లూయిడ్ మార్చి రెండేళ్లు దాటితే ఈ పనితో పాటే మార్చేయండి. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, గాలిలో తేమ పీల్చుకున్న కొద్దీ ఆ అంకె 155 దాకా పడిపోవచ్చు. తిరుమల నుంచి పాత ఘాట్ రోడ్డులో దిగుతూ మలుపు మలుపుకూ బ్రేక్ వేసే మనకు ఆ తేడా చాలా ముఖ్యం. దిగేటప్పుడు గేర్ మాన్యువల్‌లో పెట్టి రెండులోనో మూడులోనో ఉంచితే ఇంజినే సగం బరువు మోస్తుంది.

మొదటిసారి అయితే ఒక్కరోజులో నాలుగు చక్రాలూ పెట్టుకోవద్దు. ఒక వారం ముందువి, ఇంకో వారం వెనకవి చేయండి. మీరు వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు ఉంటే చెప్పండి, డయల్ గేజ్, దాని అయస్కాంతం స్టాండు నా దగ్గర ఉన్నాయి, ఒక వారాంతం తీసుకెళ్లి వాడుకోండి.