ఇంటి నుంచి పనికి ఏ డెస్క్‌టాప్ మంచిది?

ప్రశ్న: నారాయణగూడలో చిన్న అకౌంటింగ్ ఆఫీసు నడుపుతున్నాను. తొమ్మిది మంది ఇంటి నుంచే పని చేస్తున్నారు. అయిదుగురు రోజంతా, మిగతా నలుగురు నెలలో రిటర్నులు వేసే రోజుల్లో మాత్రమే. ముగ్గురు సిద్దిపేట, కరీంనగర్ వైపు సొంతూళ్లలో ఉన్నారు. టాలీ, ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్, స్కాన్ చేసిన బిల్లులు, ఇదే మా పని. క్లయింట్ల లెక్కలు వాళ్ల ల్యాప్‌టాప్‌లలో ఉండిపోతున్నాయని నా భయం. వర్చువల్ డెస్క్‌టాప్, అంటే ఎక్కడో ఉన్న యంత్రంలో నడిచే కంప్యూటర్‌ను ఇంటి తెరమీద వాడుకునే ఏర్పాటు, పెట్టుకోమంటున్నారు. ఒకరు సిట్రిక్స్ కంపెనీది అంటారు, ఒకరు మైక్రోసాఫ్ట్ వాళ్ల అజూర్, ఇంకొకరు అదే మైక్రోసాఫ్ట్ వాళ్ల విండోస్ 365. ఏది తీసుకోవాలి?

జవాబు: అమ్మా, కొటేషన్లు కాసేపు పక్కన పెట్టి ఒక తెల్లకాగితం తీసుకోండి. తొమ్మిది మంది పేర్లూ రాసి, ఎవరు రోజుకెన్ని గంటలు పని చేస్తారు, ఏయే సాఫ్ట్‌వేర్లు తెరుస్తారు, కంప్యూటర్‌కు ఏం గుచ్చుతారు అన్నది ఎదురుగా రాయండి. గుచ్చే వస్తువుల సంగతి వెండర్లు అడగరు. మీ పనిలో అసలు చిక్కు అక్కడే ఉంది.

నేను చిక్కడపల్లిలో ఒక టాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో చూశాను. క్లయింట్ల డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లన్నీ, అంటే రిటర్నుల మీద సంతకానికి కంప్యూటర్‌కు గుచ్చే యూఎస్‌బీ పరికరాలు, రబ్బరు బ్యాండు చుట్టి సొరుగులో ఉన్నాయి. ఇంట్లో ఉన్న అమ్మాయి రిమోట్ డెస్క్‌టాప్‌లో లాగిన్ అయి, ఆఫీసులో ఉన్న కుర్రాడికి ఫోన్ చేసి ఫలానా టోకెన్ సర్వర్‌కు పెట్టమంటోంది. అతను పెట్టాడు. టోకెన్ దొరకలేదని వచ్చింది. తీసి మళ్లీ పెట్టాడు. అదే మాట. గంట గడిచింది. టోకెన్ బాగానే ఉంది. విండోస్ రిమోట్ సెషన్ టోకెన్‌ను వెతికేది మనిషి ఎదురుగా ఉన్న కంప్యూటర్‌లో, అవతల ఉన్న సర్వర్‌లో కాదు. సర్వర్‌కు ఎన్నిసార్లు గుచ్చినా ఆ అమ్మాయి తెరమీద కనబడదు. అలాగని క్లయింట్ల టోకెన్లు తొమ్మిది ఇళ్లకు పంచడం నాకు ఇష్టం లేదు. సంతకాల కోసం మీ ఆఫీసులో ఒక కంప్యూటర్ విడిగా ఉంచండి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు రిటర్ను అంతా తయారుచేసి పెడితే, ఆఫీసులో ఉన్నవాళ్లు ఆ కంప్యూటర్ ముందు కూర్చుని సంతకం చేస్తారు.

ఇక ఎంపిక. సిట్రిక్స్ మంచిదే, కానీ దాన్ని రోజూ చూసుకునే మనిషి ఉండాలి. వందల మంది ఉన్న ఆఫీసుకు గిట్టుబాటు, మీకు కాదు. విండోస్ 365లో మనిషికో కంప్యూటర్, నెలకు ఇంత అని కచ్చితమైన ధర. లెక్క తేలిక. కానీ నెలలో పది రోజులే పనిచేసే నలుగురికి కూడా నెలంతా కట్టాలి. పైగా టాలీ డేటా అందరిదీ ఒకచోట ఉండాలి కదా! తొమ్మిది కంప్యూటర్లు వేరువేరుగా తీసుకుంటే డేటా కోసం పదో యంత్రం వెతుక్కోవాలి.

మీకు నేను చెప్పేది అజూర్ వర్చువల్ డెస్క్‌టాప్. ఒకే విండోస్ యంత్రంలోకి అందరూ ఎవరి లాగిన్‌తో వాళ్లు వస్తారు, టాలీ డేటా దాని పక్కనే ఉంటుంది. యంత్రం నడిచిన గంటలకే కడతారు. నెలనెలా వేసే జీఎస్టీ రిటర్నుల్లో జీఎస్టీఆర్-1కు 11, 3బీకి 20 తేదీ దగ్గరపడ్డప్పుడు రెండో యంత్రం ఆన్ చేసుకుని, తర్వాత ఆపేయొచ్చు. రాత్రి ఆపడం మరిచిపోతే బిల్లు నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఆ టైమింగ్ వెండర్ చేతే పెట్టించండి. ఆపినా డిస్కు అద్దె మాత్రం తప్పదు. ఇంకొకటి, ప్రతి ఒక్కరికీ సరైన మైక్రోసాఫ్ట్ లైసెన్సు ఉండాలి. మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్రీమియంలో ఆ హక్కు ఉంది, బిజినెస్ బేసిక్‌లో లేదు. టాలీ కూడా ఒకేసారి పలువురు వాడుకునే మల్టీయూజర్‌దే కావాలి.

ఆఫీసులోనే సొంత సర్వర్ కొనమని ఎవరైనా చెబితే, మనిషికో రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సు ధర కొటేషన్‌లో ఉందో లేదో చూడండి. అవి లేకుండా 120 రోజులు నడుస్తుంది. ఆ తర్వాత ఒకనాడు పొద్దున్నే ఎవరూ లాగిన్ కాలేరు.

నేను సొంత సర్వర్ వద్దనడానికి ఇంకో కారణం ఉంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ ప్రకటించిన రాత్రి ఒక మందుల హోల్‌సేల్ వ్యాపారి ఫోన్ చేసి, తెల్లారేసరికి ఇంటి నుంచి బిల్లింగ్ నడవాలన్నాడు. నేను రౌటర్‌లో 3389 పోర్టు, అంటే రిమోట్ డెస్క్‌టాప్ లోపలికి వచ్చే దారి, నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టాను. మూడో వారంలో ఒక ఉదయం ఫైళ్లన్నింటి పేర్లూ మారిపోయి ఉన్నాయి, డబ్బు అడుగుతూ ఒక నోటు ఉంది. బ్యాకప్ డిస్కు కూడా అదే సర్వర్‌కు తగిలించి ఉండడంతో అదీ పోయింది. నాలుగు నెలల బిల్లులు కాగితాలు చూసి మళ్లీ ఎక్కించారు. ఆ తప్పు నాది. అజూర్‌లో ఈ పద్ధతికి బయటి నుంచి లోపలికి ఏ పోర్టూ తెరవక్కర్లేదు. అయినా ప్రతి లాగిన్‌కూ ఫోన్‌లో రెండో ధ్రువీకరణ తప్పనిసరి చేయండి. ఒక బ్యాకప్ వేరే చోట, వేరే పాస్‌వర్డ్‌తో ఉండాలి.

లెక్కలు ల్యాప్‌టాప్‌లలో ఉండిపోతున్నాయన్న మీ భయం వర్చువల్ డెస్క్‌టాప్ కొన్నంత మాత్రాన పోదు. అక్కడ కాపీ చేసింది ఇక్కడ పేస్ట్ చేసే వీలు, ఇంటి ల్యాప్‌టాప్ డ్రైవు అక్కడ కనబడే వీలు తెరిచి ఉంటే ఫైళ్లు ఎప్పటిలాగే బయటికి వస్తాయి. ఆ రెండూ ఆపించి, మీరే ఒక లాగిన్‌తో కూర్చుని ఒక ఎక్సెల్ ఫైలు బయటికి తెచ్చే ప్రయత్నం చేసి చూడండి. రాకపోతేనే పని పూర్తయినట్టు.

డబ్బు కట్టే ముందు నెల రోజులు ఇద్దరితో నడిపించండి. వాళ్లలో ఒకరు సిద్దిపేట వైపు ఉన్నవారై ఉండాలి. యంత్రం పుణెలోనో చెన్నైలోనో ఉన్న డేటా సెంటర్‌లో పెట్టించండి. చవకని అమెరికాలో పెడితే అక్షరం కొట్టాక ఆగి ఆగి పడుతుంది. సిగ్నల్ డేటా సెంటర్‌కు పోయి రావడానికి 150 మిల్లీసెకన్లు దాటితే టాలీలో ఎంట్రీలు వేసే చేతికి ఓపిక ఉండదు. సాయంత్రం ఏడు తర్వాత, ఊళ్లో అందరూ ఫోన్లు పట్టుకునే వేళ, ఫైబర్ ఆపి మొబైల్ హాట్‌స్పాట్ మీద టాలీలో యాభై వోచర్లు, అంటే లావాదేవీల ఎంట్రీలు, కొట్టించండి. మధ్యలో కావాలనే వైఫై ఆపించండి. మళ్లీ లాగిన్ అయితే సగం కొట్టిన వోచర్ అక్కడే తెరిచి ఉండాలి. కరెంటు పోయే ఊళ్లలో పనిచేసేవాళ్లకు ఈ ఒక్క సదుపాయం ఎంత ఊరటో వాళ్ల మాటల్లోనే వింటారు.

ప్రశ్న: మియాపూర్‌లో ఇంటి నుంచి పని చేస్తున్నాను. కంపెనీ ఇచ్చిన వర్చువల్ డెస్క్‌టాప్‌లో పని బాగానే సాగుతుంది కానీ మీటింగ్‌లో నా గొంతు తెగిపోతోందంటున్నారు. కొత్త ల్యాప్‌టాప్ కొనాలా?

జవాబు: ఇప్పుడే కొనకండి. మీ గొంతు, వీడియో ముందు డేటా సెంటర్‌కు పోయి, అక్కడి నుంచి మీటింగ్‌కు పోతున్నట్టుంది. టీమ్స్ లాంటి వాటిలో ఆ దారి తప్పించి, మాటలు మీ ల్యాప్‌టాప్ నుంచే నేరుగా పోయేలా చేసే ఏర్పాటు ఉంది. అది ఆన్‌లో ఉందో లేదో మీ ఐటీ వాళ్లను అడగండి. అందాకా కంపెనీ ఒప్పుకుంటే మీటింగ్ ఫోన్‌లో తెరిచి, డెస్క్‌టాప్‌ను పనికి మాత్రమే వాడుకోండి.