చీరలకూ గూడబాతులకూ ఒకే కెమెరా సరిపోతుందా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మూడేళ్లుగా మంగళగిరి నేత చీరలు తెచ్చి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. ఫొటోలన్నీ ఫోనుతోనే తీస్తాను. తిరిగి వచ్చే చీరల్లో చాలావాటికి కొన్నవారు చెప్పే కారణం ఒక్కటే: ఫొటోలో చూసిన రంగు వేరు, చేతికి వచ్చిన రంగు వేరు. మా వారికి పక్షుల ఫొటోలంటే ప్రాణం. ఆదివారం వస్తే ఉప్పలపాడు చెరువు గట్టు మీదే ఉంటారు. ఇద్దరికీ పనికివచ్చేలా 80,000 రూపాయల లోపు ఒక డిజిటల్ కెమెరా కొందామనుకుంటున్నాం. ఏది కొనమంటారు? ఎన్ని మెగాపిక్సెళ్లు ఉండాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఉన్నవి రెండు ఇబ్బందులు. వాటిలో కెమెరా కొంటే తీరేది మీ వారిది మాత్రమే. చీర రంగు మారిపోవడానికి ముఖ్య కారణం మీ ఫోను కాదు, చీర మీద పడుతున్న వెలుతురు. లక్ష రూపాయల కెమెరా తెచ్చి అదే గదిలో, అవే దీపాల కింద తీసినా ఆ తప్పు రంగే వస్తుంది, కాకపోతే ఇంకాస్త స్పష్టంగా వస్తుంది. అందువల్ల చీరల సంగతి కొద్దిపాటి ఖర్చుతో తేల్చుకుని, మిగిలిన డబ్బంతా పక్షుల వైపు మళ్లించమని నా సలహా.

మన ఇళ్లలో సాధారణంగా కిటికీలోంచి పగటి వెలుగు వస్తుంటుంది, పైన ట్యూబులైటు వెలుగుతుంటుంది, పక్క గదిలోంచి పసుపు బల్బు కాంతి పడుతుంటుంది. ఈ మూడింటి రంగులూ వేరు. మన కన్ను వాటిని సర్దుకుని చూస్తుంది గానీ, కెమెరా మామూలుగా బొమ్మ మొత్తానికీ ఒకే వైట్ బ్యాలెన్స్ (తెలుపును తెలుపుగా చూపేందుకు చేసే రంగుల సర్దుబాటు) లెక్క వేస్తుంది. దానితో కిటికీ వైపున్న కొంగు సరిగా వస్తే, బల్బు వైపున్న అంచు పసుపెక్కుతుంది. దీపాలన్నీ ఆర్పివేసి, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, రోజూ ఒకే వేళకు తీయడం దీనికి పైసా ఖర్చు లేని మందు. రాత్రిపూట కూడా పని జరగాలంటే కిటికీ మూసి, ఒకే రకం ఎల్‌ఈడీ లైట్లు రెండు పెట్టుకోండి. రంగులను ఉన్నవి ఉన్నట్టు చూపే గుణాన్ని సీఆర్ఐ అనే అంకెతో చెబుతారు. అది 100కు 95కు తగ్గకుండా, కాంతి 5,500 కెల్విన్‌కు దగ్గరగా ఉన్న లైట్లు అడిగి తీసుకోండి. లైటుకూ చీరకూ మధ్య తెల్లని పలుచని పంచె ఒకటి అడ్డం కడితే జరీ అంచు మీద మెరుపు మచ్చలు తగ్గి, నేత కనబడుతుంది. మొదటి ఫొటోలో చీర పక్కన గ్రే కార్డు (వేరే రంగు ఛాయ లేని బూడిద అట్ట) పెట్టి తీసి, ఎడిటింగ్‌లో దాని మీద వైట్ బ్యాలెన్స్ సరిచేసి, అదే విలువను మిగిలిన ఫొటోలన్నిటికీ వర్తింపజేయవచ్చు. చవక ఎల్‌ఈడీల కింద ఫొటోలో అడ్డుచారలు వస్తుంటే భయపడకండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతుంటాయి. షట్టరు వేగాన్ని 1/50 లేదా 1/100 సెకనుకు మార్చితే చారలు పోతాయి.

ఇంత చేసినా లొంగని చీరలు కొన్ని ఉంటాయి. నెమలికంఠం రంగు చీరనే తీసుకోండి. పడుగు ఒక రంగు, పేక మరొక రంగు కావడం వల్ల చూసే కోణాన్ని బట్టి అది నీలంగానూ ఆకుపచ్చగానూ కనబడుతుంది. దానికి అసలు రంగు ఇదీ అని చెప్పగల కెమెరా లేదు. అటువంటి చీరకు ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, మడతల దగ్గర ఒకటి ఫొటో తీసి మూడూ పెట్టండి. అది రెండు దారాల రంగు అని వివరణలో రాయండి. రాణి రంగు, మిరపపండు ఎరుపు వంటి గాఢమైన రంగులలో సెన్సరు (లెన్సు వెనుక కాంతిని పట్టి బొమ్మగా మార్చే పలక)లోని ఎరుపు భాగం ముందే నిండిపోయి, నేత కనబడక చీర ప్లాస్టిక్ ముద్దలా వస్తుంది. వాటికి ఎక్స్‌పోజరును (ఫొటోకు అందే వెలుతురును) కొంచెం తగ్గించి తీసి, తరువాత పెంచుకోవడం మేలు. సన్నని గళ్ల చీరల మీద లేని అలలు, ఇంద్రధనుస్సు రంగుల చారలు కనిపిస్తే అది నేత లోపం కాదు. దారాల వరుసలూ సెన్సరులోని పిక్సెళ్ల వరుసలూ ఒకదానితో ఒకటి పోటీ పడటం వల్ల వచ్చే మొయిరే అనే దోషం అది. ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగి తీస్తే చాలావరకు పోతుంది. ఫైలును ఎస్ఆర్‌జీబీ అనే మామూలు రంగుల పద్ధతిలోనే సేవ్ చేయండి. అడోబ్ ఆర్‌జీబీ అనే మరో పద్ధతిలో పెడితే చాలా ఫోన్లలో రంగులు వెలిసినట్టు కనబడతాయి.

ఇక మెగాపిక్సెళ్ల మాట. అమెజాన్‌లో బొమ్మను పెద్దది చేసి చూసే సౌకర్యం రావాలంటే పొడుగు వైపు 1,000 పిక్సెళ్లు ఉంటే చాలు. 12 మెగాపిక్సెళ్ల ఫొటోలో ఆ వైపు 4,000 ఉంటాయి. 200 మెగాపిక్సెళ్ల ఫోన్లు కూడా మామూలుగా 16 పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెళ్ల ఫొటోనే ఇస్తాయి. దుకాణంలో ఆ అంకె చూపి ఎవరైనా మిమ్మల్ని ఒప్పించబోతే మర్యాదగా వినండి, అంతే.

పక్షుల విషయంలో మాత్రం వస్తువు మీద డబ్బు పెట్టక తప్పదు, అదీ కెమెరా బాడీ (లెన్సు లేని కెమెరా) మీద కంటే లెన్సు మీద. ఒక చిన్న లెక్క చెబుతాను. సెన్సరు మీద పడే బొమ్మ ఎంత ఉంటుందో తెలియాలంటే వస్తువు ఎత్తును లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో (లెన్సు మీద ఎంఎంలలో రాసి ఉండే అంకె, అది పెరిగేకొద్దీ దూరపువి దగ్గరగా కనబడతాయి) గుణించి దూరంతో భాగించాలి. చెట్టు మీద కూర్చున్న గూడబాతు (పెలికన్) మీటరు ఎత్తు ఉందనుకుందాం. అది 50 మీటర్ల దూరంలో ఉంటే 250 ఎంఎం లెన్సుతో సెన్సరు మీద 5 మిల్లీమీటర్ల బొమ్మ పడుతుంది. కెనాన్ ఏపీఎస్-సి అనే మధ్యరకం సెన్సరు ఎత్తు సుమారు 15 మిల్లీమీటర్లు గనుక, పక్షి ఫ్రేములో మూడో వంతు నిండుతుంది. ఉప్పలపాడులో గూడబాతులకూ ఎర్రకాళ్ల కొంగలకూ అది చక్కగా సరిపోతుంది. అదే 16 సెంటీమీటర్ల చిన్న లకుముకి పిట్ట 20 మీటర్ల దూరంలో ఉంటే పడేది 2 మిల్లీమీటర్లే. 22 మిల్లీమీటర్ల వెడల్పు ఫ్రేములో అది ఒక చుక్క. మీ వారు ఎప్పటికీ కొంగలతోనే తృప్తి పడతారా, లేక రేపు లకుముకి కావాలంటారా అన్నది ముందు ఆయననే అడగండి. నా అనుభవంలో రెండవదే జరుగుతుంది.

మీ 80,000లో కొత్త బాడీ, పక్షులకు తగిన పొడుగు లెన్సు రెండూ రావడం కష్టం. కొత్తగా కొంటే నేను కెనాన్ ఆర్10 బాడీనీ, ఆర్ఎఫ్ 100-400 లెన్సునూ ఎంచుకుంటాను. ఆ బాడీ పక్షి కన్నును తానే వెతికి పట్టి, సెకనుకు 15 ఫొటోలు తీస్తుంది. ఆ లెన్సు 635 గ్రాములే కావడం వల్ల గంటల తరబడి చేత్తో పట్టుకోవచ్చు. కానీ ఆ రెండూ కలిస్తే మీ లెక్క దాటుతుంది. కాబట్టి సెకండ్ హ్యాండ్ దారి చూడమంటాను. 2016లో వచ్చిన కెనాన్ 80డి బాడీ, దానితో పక్షులకు 55-250 ఎస్‌టీఎం లెన్సు, చీరలకు 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు తీసుకోండి. 55-250 బరువు 375 గ్రాములు. ఏపీఎస్-సి సెన్సరు మీద అది ఫుల్ ఫ్రేమ్ అనే ఇంకా పెద్ద సెన్సరు మీద 400 ఎంఎం చూపినంత చూపుతుంది. 80డి తెర పక్కకు తెరుచుకుని తిరుగుతుంది గనుక, చీరను నేల మీద పరిచి ట్రైపాడ్ పైనుంచి తీసేటప్పుడు మీకు మెడ నొప్పి ఉండదు. ఈ లెన్సులను రేపు కెనాన్ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త తరహా) బాడీకి మారినా అడాప్టరుతో వాడుకోవచ్చు. మిగిలిన డబ్బు దాచి, మోజు నిలిచిందని రూఢి అయ్యాక సిగ్మా లేదా టామ్రాన్ 150-600 లెన్సు కొనవచ్చు. దాని బరువు సుమారు 2 కిలోలు అని ముందే చెప్పి ఉంచండి.

పాత సరుకు కొనేటప్పుడు తొందరపడవద్దు. లెన్సు వెనుక నుంచి టార్చి వేసి, ముందు వైపు నుంచి చూడండి. సాలెగూడు పోగుల వంటివి కనిపిస్తే అది ఫంగస్. మన కోస్తా తేమలో ఇది చాలా మామూలు, ఎంత తగ్గించి ఇచ్చినా అటువంటి లెన్సు వద్దు. నేనే ఒకసారి బేరానికి ఆశపడి, దుకాణదారు మాట నమ్మి టార్చి వేయకుండా కొని, శుభ్రం చేయించడానికి లెన్సు ధరలో సగం పోశాను. 80డి షట్టరు లక్ష ఫొటోల వరకు నిలిచేలా తయారైంది. నికాన్‌లో షట్టరు లెక్క ఫొటో ఫైలులోనే ఉంటుంది, కెనాన్‌లో మాత్రం సర్వీసు కేంద్రంలోనో ప్రత్యేక సాఫ్ట్‌వేరుతోనో చూపించుకోవాలి. ఇంటికి తెచ్చాక బీరువాలో బట్టల మధ్య పెట్టకుండా, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచండి. కొత్త వస్తువు కొని, మీకు మామూలు పద్ధతిలో జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే, బిల్లు మీద మీ నంబరు వేయించండి. వ్యాపారానికి వాడినంత మేరకు కట్టిన పన్నును లెక్కలో చూపుకునే వీలుందేమో మీ ఆడిటరును అడగండి.

మీ ఇద్దరికీ కలిపి పనికివచ్చే పాఠం ఒకటుంది. కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు లోకమంతా బూడిద రంగులో ఉందనుకుంటుంది. తెల్లని గోడ ముందు తెల్లని చీర పెడితే దానిని బూడిదగా మారుస్తుంది, అప్పుడు మీరు ఎక్స్‌పోజరు కాంపెన్సేషన్‌ను ఒక అంకె పెంచాలి. ముదురు ఆకుల మధ్య తెల్లకొంగ కూర్చుంటే ఆకులను చూసి వెలుతురు ఎక్కువ ఇచ్చి, కొంగ ఈకలను సున్నం ముద్దగా చేస్తుంది. అప్పుడు మీ వారు ఆ కాంపెన్సేషన్‌ను తగ్గించాలి. ఎగిరే పక్షికి షట్టరు వేగం 1/1600కు తగ్గకూడదు, కూర్చున్నదానికి 1/500 చాలు.

ప్రశ్న: విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. 83 రెట్లు జూమ్ ఉన్న నికాన్ పీ950 ఒక్కటి ఉంటే లెన్సులు కొనే బాధ లేదంటున్నారు. కొల్లేరుకు వెళ్లాలని ఉంది. నిజంగా సరిపోతుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పట్టపగలు సరిపోతుంది. పై జవాబులోని లకుముకి లెక్కనే దీనికి వేస్తే, ఈ కెమెరా అసలు ఫోకల్ లెంగ్త్ 357 ఎంఎం, సెన్సరు వెడల్పు 6.17 మిల్లీమీటర్లు కాబట్టి, 20 మీటర్ల దూరంలోని ఆ పిట్ట ఫ్రేములో దాదాపు సగం నిండుతుంది. ఆ ధరలో ఇంత దూరం అందుకునేది మరొకటి లేదనే చెప్పాలి. అయితే ఆ సెన్సరు వైశాల్యం ఏపీఎస్-సి సెన్సరులో పన్నెండో వంతు మాత్రమే, పైగా జూమ్ చివర లెన్సు రంధ్రం ఎఫ్/6.5 దగ్గరే ఆగి, తక్కువ కాంతినే లోపలికి రానిస్తుంది. పక్షులు చురుకుగా ఉండేది తెల్లవారుజామునా సంధ్యవేళా కాబట్టి, సరిగ్గా మీకు కావలసినప్పుడే ఫొటోలో ఇసుక చల్లినట్టు గరుకు వస్తుంది. ఎగిరే పక్షిని అంత జూమ్‌లో వెతికి పట్టుకోవడం ఓర్పుకు పరీక్ష. పక్షులను గుర్తుపట్టడానికీ చంద్రుణ్ణి చూడటానికీ అయితే ఆనందంగా కొనండి, గోడకు పెద్ద ప్రింటు వేయించాలనుకుంటే వద్దు.

కైకలూరు దగ్గరి ఆటపాకకు వెళ్తే ఎండ ముదరకముందే పని ముగించండి. పొద్దెక్కాక నీటి మీదా గట్టు మీదా వేడి గాలి అలలుగా లేచి, ఎంత ఖరీదైన లెన్సుకైనా ఫోకస్ నిలవనివ్వదు. పొడుగు జూమ్‌కు ఆ బాధ మరీ ఎక్కువ. చాలామంది ఆ మసకను కెమెరా లోపమనుకుని మార్చేస్తుంటారు. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సార్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తింపు పొందిన చిత్తడి నేల. అక్కడ డ్రోను ఎగరేయడానికి అనుమతి కావాలి, గూళ్ల దగ్గరకు వెళ్లి పక్షులను లేపకూడదు. తల్లి లేచిపోతే ఎండలో పిల్లలు నిమిషాల్లో సొమ్మసిల్లుతాయి.

ప్రశ్న: కొండపల్లి బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. పెద్ద సెన్సరు కెమెరా కొన్నాక అంబారీ ఏనుగు తొండం స్పష్టంగా వచ్చి వెనుక కాళ్లు మసకబారుతున్నాయి. ఫోనులో ఈ బాధ ఉండేది కాదు. కెమెరా చెడిందా?
– ఒక పాఠకుడు, ఇబ్రహీంపట్నం

జవాబు: చెడలేదండీ. సెన్సరు పెద్దదయ్యేకొద్దీ ఒకే అపర్చరు (లెన్సు రంధ్రం) అంకె వద్ద, బొమ్మ ఫ్రేములో అంతే నిండేలా తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు తగ్గుతుంది. ఫోను సెన్సరు చిన్నది కావడమే మీకు ఇన్నాళ్లూ మేలు చేసింది. అపర్చరును ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య పెట్టి (అంకె పెరిగితే రంధ్రం చిన్నదై లోతు పెరుగుతుంది), ఐఎస్ఓను (కాంతికి కెమెరా స్పందించే స్థాయిని) 100 వద్ద ఉంచి, ట్రైపాడ్ మీద నెమ్మది షట్టరుతో తీయండి. ఎఫ్/16 దాటితే బొమ్మ మొత్తం కొంచెం మెత్తబడుతుంది. దగ్గరకు చేరకుండా రెండడుగులు వెనక్కి జరిగి జూమ్ చేసి తీస్తే ఏనుగు తల పెద్దదిగా, వెనుక భాగం చిన్నదిగా కనిపించే వంకర కూడా పోతుంది. నిగనిగలాడే రంగు మీద లైటు ప్రతిబింబం పడుతుంటే లైటును కదపండి, బొమ్మను కాదు. తెల్లపొణికి చెక్క గీతలు కనబడే అడుగు భాగాన్ని కూడా ఒక ఫొటో తీసి పెట్టండి. అసలు బొమ్మకూ ప్లాస్టిక్ నకలుకూ తేడా కొనేవారికి అక్కడే తెలుస్తుంది.