యజమానులు మారినా అమెరికా టీవీ ఛానల్ హెచ్‌బీఓ తన పద్ధతిని ఎలా నిలబెట్టుకుంది?

హైదరాబాద్‌లో కొన్నేళ్లు డైలీ సీరియళ్లకు సంభాషణలు రాశాను. అందుకే దీనికి జవాబు నాకు డబ్బు వచ్చే దారిలోనే కనిపిస్తుంది. మా దగ్గర గురువారం టీఆర్పీ రాగానే కథ మారిపోయేది. చనిపోవాల్సిన పాత్ర బతికేది. ప్రకటనల మీద నడిచే ఛానల్‌కు అది తప్పదు.

1972లో పెన్సిల్వేనియాలోని విల్క్స్-బారేలో మొదలైన హెచ్‌బీఓకు ఆదాయం చందాల నుంచే. (మన దగ్గర 2020 దాకా వచ్చిన హెచ్‌బీఓ వేరు, అందులో ప్రకటనలు ఉండేవి.) చందా కట్టేవాళ్లు అన్నీ చూడక్కర్లేదు, కనెక్షన్ తీసేయకపోతే చాలు. అందుకే పెద్దగా ఎవరూ చూడకపోయినా ‘ది వైర్’ సీరియల్ 2002 నుంచి 2008 దాకా ఐదు సీజన్లు నడిచింది.

మొదట్లో అక్కడా సినిమాలు, బాక్సింగే ఎక్కువ. సొంత సీరియళ్ల వైపు గట్టిగా మళ్లింది 90ల చివర్లో. ‘ది సోప్రానోస్’ మొదటి సీజన్ (1999) ఐదో ఎపిసోడ్‌లో మాఫియా ముఠా నాయకుడైన హీరో, ఒకప్పుడు ముఠా గుట్టు ప్రభుత్వానికి చెప్పిన ఒక ఇన్ఫార్మర్‌ని తన చేతులతోనే చంపుతాడు. ప్రేక్షకులు హీరోని అసహ్యించుకుంటారేమోనని హెచ్‌బీఓ అధికారి క్రిస్ ఆల్‌బ్రెక్ట్ భయపడ్డారు. చంపకపోతే ఆ పాత్రను ఎవరూ నమ్మరని రచయిత డేవిడ్ చేజ్ పట్టుబట్టారు. వాదన జరిగింది, హత్య ఉండిపోయింది. పై అధికారి అభ్యంతరం చెప్పొచ్చు, కానీ రచయిత మాట నెగ్గే అవకాశం ఉంది. హెచ్‌బీఓ పద్ధతి అంటే నా దృష్టిలో ఇదే. మాకు వాదించే అవకాశమే ఉండేది కాదు, సీన్ మార్చమని ఫోన్ వచ్చేది, మార్చేవాళ్లం.

అసలు పరీక్ష 2018లో అమెరికా టెలికాం కంపెనీ ఏటీ&టీ కొన్నాక వచ్చింది. జనం రోజూ గంటల తరబడి చూసేలా ఉండాలని కొత్త యాజమాన్యం కోరింది. మరుసటి ఏడాది హెచ్‌బీఓ అధిపతి రిచర్డ్ ప్లెప్లర్ వెళ్లిపోయారు. 2020లో హెచ్‌బీఓ మ్యాక్స్ అనే స్ట్రీమింగ్ యాప్ వచ్చినప్పుడు, దాని కోసం తీసిన చాలా సీరియళ్లకు ‘మ్యాక్స్ ఒరిజినల్’ అని వేరే ముద్ర వేశారు. హెచ్‌బీఓ ముద్రతో వచ్చేవి మాత్రం తక్కువగానే ఉంచారు. ఇది చాలా తెలివైన పని. ఇంకో కారణం, 2004లో చేరిన కేసీ బ్లాయ్స్ ఇన్ని మార్పుల్లోనూ అక్కడే ఉన్నారు. కథలు ఎంచే మనిషి మారకపోతే రచయితలకు ధైర్యం ఉంటుంది.

2023లో యాప్ పేరులోంచి ‘హెచ్‌బీఓ’ తీసేయడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. జనం ఆ పేరు చూసే డబ్బు కడుతున్నారు కదా! 2025 జులైలో దాన్ని మళ్లీ పెట్టారు.