మిర్చి వ్యాపారంలోకి వస్తున్న మేనకోడలికి

గుంటూరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

హైదరాబాదులో ఉద్యోగం మానేసి, ఇద్దరు స్నేహితులతో కలిసి ఎండుమిర్చి ఎగుమతి మొదలుపెట్టబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పగానే నా నోట వచ్చిన మొదటి మాట "దానికెందుకమ్మా ఈ తలనొప్పి" అన్నదే. ఫోను పెట్టేశాక మాత్రం మీ అత్తయ్యకూ, ఎదురింటివారికీ, చివరకు పాలబ్బాయికీ కూడా మా మేనకోడలు మిరప వ్యాపారంలోకి వస్తోందని చెప్పుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు కనుక ఈ ఉత్తరం వ్రాస్తున్నాను.

ఎగుమతిదారుకు ఉండవలసిన ఐఈసీ నంబరు, స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషను, జీఎస్టీ వంటివి ఆడిటరు చూసుకుంటాడు. చాలా దేశాలకు సరుకు పంపే ముందు అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) పరీక్ష చేయించాలి. అంతకుమించి వాటి గురించి నేను చెప్పవలసింది లేదు.

నేను చెప్పదలచినది మనుషుల సంగతి. మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) విప్పి, గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించి, గింజల గలగలను బట్టి ఎండు ఎంతో, రంగును బట్టి తాలు (రంగు పోయిన కాయ) ఎంతో చూడటం నీవు ఒక్క సీజనులో నేర్చుకుంటావు. కానీ అడుగున తేమ తగిలిన టిక్కీని నీవు అడగకుండానే పక్కకు లాగి "ఇది వద్దమ్మా" అనే కమీషను వ్యాపారి దొరకాలంటే, చెప్పిన రోజున అతనికి డబ్బు ముట్టాలి. ముట్టే వీలు లేకపోతే ముందురోజే నీవు ఫోను చేసి చెప్పాలి. ఆలస్యాన్ని యార్డులో క్షమిస్తారు కానీ ఫోను ఎత్తకపోవడాన్ని క్షమించరు. ఫిబ్రవరి నుంచి మే దాకా అందరూ అందరినీ పలకరిస్తారు, అది లెక్కలోకి రాదు. వానాకాలంలో, యార్డులో సందడి తగ్గినప్పుడు, కోల్డ్ స్టోరేజీ మేనేజరు దగ్గర కూర్చుని టీ తాగి రా. లాంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రానికి వెళ్లి శాస్త్రవేత్తలను పలకరించు. తేజ రకం మిరపకు ఏ తెగులు వస్తోందో వారికి మనకంటే ముందు తెలుస్తుంది. 2021లో నల్ల తామరపురుగు తోటలను ఊడ్చేసినప్పుడు, చేతికొచ్చిన కాస్త పంటను మా ఎరుకలోని రైతులు పాత పరిచయం ఉన్న దుకాణాలకే తెచ్చారు. ఎక్కువ ధర ఇస్తామని కారులో ఊళ్లమ్మట తిరిగిన వారు ఖాళీగా వెళ్లడం నేను చూశాను.

ఇక భాగస్వాముల మాట. మీ తాతగారి దుకాణం ఎందుకు మూతపడిందో మీ అమ్మ నీకు చెప్పి ఉండదు. అప్పటికి తనది చిన్న వయసు, పైగా మా ఇంట్లో ఆ ప్రస్తావన తేవడానికి ఎవరికీ మనసొప్పేది కాదు. తాతగారూ, ఆయన స్నేహితుడూ కలిసి కమీషను దుకాణం నడిపారు. పల్నాడు వైపు రైతులు తాతగారి పేరు చెప్పుకునే బళ్లు తోలుకొచ్చేవారు. కొంతకాలానికి ఇద్దరికీ లెక్కల్లో తేడాలు వచ్చాయి. నలుగురిలో అల్లరి ఎందుకన్న మొహమాటంతో తాతగారు తన వాటా తీసుకుని, చడీచప్పుడూ లేకుండా బయటికి వచ్చారు. బోర్డు మీద పేరు అలాగే ఉంది, చీటీల మీదా అలాగే ఉంది. పత్రికలో ప్రకటన లేదు. ఎవరైనా అడిగితే "ఒంట్లో బాగుండక దుకాణానికి వెళ్లడం లేదు" అనేవారు. రైతులు ఆ మాట నమ్మి, ఆయన కోలుకుని వస్తారనుకుని సరుకు దింపుతూనే ఉన్నారు.

మరుసటి సీజనుకు ఆ స్నేహితుడు చేతులెత్తేశాడు. తెల్లవారేసరికి మా అరుగు మీద రైతులు కూర్చుని ఉన్నారు. ఒక్కరూ గొంతు పెంచలేదు. ఒక పెద్దాయన తలపాగా మడతలోంచి చీటీ తీసి, తాతగారి పేరు అచ్చయిన చోట బొటనవేలు ఆనించి చూపించాడు, అంతే. వకీలు దగ్గరకు వెళితే ఆయన 1932 నాటి భాగస్వామ్య చట్టం తీసి చదివాడు: తప్పుకున్నట్లు బహిరంగ ప్రకటన ఇచ్చేదాకా బయటివారి దృష్టిలో భాగస్వామి భాగస్వామే, ఆ ప్రకటన గెజెట్‌లోనూ, జిల్లాలో చదివే తెలుగు పత్రికలోనూ రావాలి, సంస్థ రిజిస్టరై ఉంటే రిజిస్ట్రారుకూ తెలియజేయాలి. పైగా సంస్థ అప్పులో వాటా మేరకే కట్టి తప్పుకోవడానికి లేదు, మొత్తానికీ ప్రతి ఒక్కరూ బాధ్యులే. కాలువ కింద పొలం అమ్మి తాతగారు అందరికీ చెల్లించారు. స్నేహితుడిని మాత్రం ఏనాడూ తిట్టలేదు, తాతగారి మీద నాకున్న కోపమల్లా అదే.

ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత గల భాగస్వామ్యం) పెట్టుకుంటే అప్పు ఇంటిదాకా రాదని నీవు అంటావు. నిజమే, 2008 చట్టం ఆ రక్షణ ఇచ్చింది. కానీ అక్కడ కూడా నీవు తప్పుకున్నట్లు రిజిస్ట్రారుకో, అవతలి మనిషికో నోటీసు చేరేదాకా నీవు ఉన్నట్లే లెక్క. పైగా నీ పేరు చూసి సరుకిచ్చిన రైతు చట్టం చదివి ఇవ్వడు. మామూలు భాగస్వామ్యమే అయితే వెంటనే రిజిస్టరు చేయించండి. లేకపోతే రేపు ఎవరైనా బాకీ ఎగ్గొడితే సంస్థ పేరున దావా వేయడానికి దారి ఉండదు. ఎవరు ఎంత పెట్టుబడి పెట్టారు, చెక్కుల మీద ఎవరు సంతకం చేస్తారు, ఒకరు వెళ్లిపోతే వారి వాటాకు ధర ఎలా కడతారు అన్నవన్నీ స్నేహం బాగున్న ఈ రోజుల్లోనే వ్రాసుకోండి. ఆ మాట ఎత్తితే ఏమనుకుంటారో అని జంకకు. నీలో తాతగారి మొహమాటం కొంత ఉంది. చిన్నప్పుడు పెళ్లిళ్లలో ఆకలేస్తున్నా రెండోసారి వడ్డించమని అడిగేదానివి కాదు. నా భయమంతా దాని గురించే.

భాగస్వామ్య ఒప్పందపత్రం ముసాయిదా సిద్ధమయ్యాక, సంతకాలకు ముందే మీరు ముగ్గురూ ఒక ఆదివారం ఇక్కడికి రండి. మీ అత్తయ్య గోంగూర పచ్చడి చేస్తానంటోంది. వకీలు మన వీధిలోనే ఉంటాడు, భోజనాలయ్యాక పిలుస్తాను. నీ స్నేహితులిద్దరి తల్లిదండ్రుల ఫోను నంబర్లు కూడా తీసుకురా. వారితో నేనే మాట్లాడతాను, నీవు మధ్యలో కలుగజేసుకోకు.

ఇట్లు,
మీ మామయ్య