దేశం లేని మనుషుల మీద లినో చెక్కే ముందు

బిడ్డా,

నీ ఉత్తరం, స్కెచ్‌లు అందినయి. ఏ దేశమూ తనవాళ్లని ఒప్పుకోని మనుషుల మీద లినోకట్లు (లినోలియం పలకను చెక్కి తీసే అచ్చు బొమ్మలు) చెయ్యాలన్న నీ ఆలోచన నాకు చాలా నచ్చింది. కాకపోతే ముళ్లకంచె, ఎగిరిపోయే పిట్ట, చాచిన చేతులు పక్కన పెట్టెయ్. ఏ కష్టం మీద బొమ్మ వేసినా అవే వచ్చి కూర్చుంటాయి. పౌరసత్వం పోయేది ఆఫీసులో, టేబుల్ మీద, కాగితాల్లో. నువ్వు ఆ కాగితం దగ్గరికి పోవాలి. ఆఫీసు రబ్బరు స్టాంపూ మన లినో బ్లాకూ ఒకే పద్ధతిలో పనిచేస్తాయి కదా. ఎత్తుగా ఉన్నదానికి ఇంకు అంటుతుంది, తవ్వి తీసేసింది తెల్లగా మిగులుతుంది. అందుకే ఈ విషయం చెప్పడానికి పెయింటింగ్ కంటే మన ప్రింటే గట్టిగా పనికొస్తుందని నా నమ్మకం.

గౌజ్ (లినో చెక్కే ఉలి) పట్టే ముందు చట్టం చదువు. 1954 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ప్రకారం, ఏ దేశమూ తన చట్టం కింద తన పౌరుడిగా లెక్కపెట్టని మనిషే దేశం లేని మనిషి. ఆ ఒప్పందం మీద గానీ, అలాంటివాళ్ల సంఖ్య తగ్గించాలని 1961లో వచ్చిన ఒప్పందం మీద గానీ మన దేశం సంతకం పెట్టలేదు. నీ స్కెచ్‌లలో ముగ్గురు వేరువేరు మనుషులు కలిసిపోయారు. హైదరాబాద్ బాలాపూర్‌లో ఉంటున్న రోహింగ్యాలు నిజంగా దేశం లేనివాళ్లు. బర్మా 1982 చట్టంతో వాళ్లను బయట పెట్టింది. ములుగు, భూపాలపల్లి అడవుల్లో ఉన్న గుత్తికోయలు అట్లా కాదు. ఛత్తీస్‌గఢ్‌లో గొడవలు భరించలేక ఇటు వచ్చిన ఈ దేశపు మనుషులే వాళ్లు. ఇక్కడ కుల సర్టిఫికెట్ దొరక్క తిప్పలు పడుతున్నారు. అస్సాంలో 2019 ఆగస్టు 31న వచ్చిన ఎన్నార్సీ (జాతీయ పౌర పట్టిక) తుది జాబితాలో 19 లక్షల మందికి పైగా పేర్లు లేవు. వాళ్లకు అప్పీలు చేసుకునే హక్కుంది, కాబట్టి వాళ్లకూ అప్పుడే దేశం లేదని రాయొద్దు. ముగ్గురినీ ఒకే పేరుతో పిలిస్తే ముగ్గురికీ అన్యాయమే.

మన ఇంటి సంగతి కూడా ఒకటి గుర్తుంచుకో. మీ తాతలు నిజాం రాజ్యంలో పుట్టారు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ భారత్‌లో కలిసింది. రాజ్యాంగం మొత్తం 1950 జనవరి 26న అమలైనా, పౌరసత్వం గురించిన 5 నుంచి 9 దాకా అధికరణాలు 1949 నవంబరు 26 నుంచే అమల్లోకి వచ్చాయి. వరంగల్ మనుషులు పొలంలో, మగ్గం గుంతలో తమ పని తాము చేసుకుంటుండగానే, ఏ దరఖాస్తూ పెట్టకుండా పౌరులయ్యారు. అదే 1948లో సిలోన్ (ఇప్పటి శ్రీలంక) చేసిన చట్టంతో అక్కడి టీ తోటల్లో తరాలుగా పనిచేస్తున్న తమిళులు ఏ దేశానికీ కాకుండా పోయారు. 1964లో మన ప్రధాని శాస్త్రి, అక్కడి ప్రధాని సిరిమావో చేసుకున్న ఒప్పందంలో 9,75,000 మందిని రెండు దేశాలూ వాటాలేసుకున్నాయి. 5,25,000 మంది ఇటు, 3,00,000 మంది అటు, మిగిలిన లక్షన్నర సంగతి తర్వాత చూద్దామన్నారు. ఆ లక్షన్నర మాట చదివినప్పుడల్లా నాకు గుండె పట్టేస్తుంది.

ప్రింట్లు చేసే కళాకారిణి జరీనా హష్మీ 2001లో చేసిన వుడ్‌కట్ (చెక్క పలకతో తీసిన అచ్చు బొమ్మ) ఒకటుంది, భారత పాకిస్తాన్ సరిహద్దు గీత. దాన్ని బాగా చూడు. ఆమె గీతను చెక్కలేదు, గీతను వదిలి చుట్టూ ఉన్న నేలంతా చెక్కేసింది. గౌజ్ పోయిన చిన్నచిన్న మరకలు కాగితం నిండా కనిపిస్తాయి. ఏది మిగల్చాలో, ఏది తవ్వెయ్యాలో ఆ ఒక్క ప్రింటు నేర్పినంతగా నేనూ నేర్పలేను.

నీ మొదటి ప్రింటుకు జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచే విషయం తీసుకో. అక్కడి నుంచి గల్ఫ్‌కు పోయి, వీసా అయిపోయి ఖల్లివెల్లి (కాగితాల్లేకుండా ఉండిపోయిన మనిషి) అయిన తల్లికి బిడ్డ పుడితే, కాగితాల్లేని తల్లి ఆ బిడ్డ పుట్టుకను రాయించడానికి ఆఫీసుకు పోవాలంటేనే భయపడుతుంది. మన చట్టంలో, 2004 డిసెంబరు 3 నుంచి బయట పుట్టిన బిడ్డ పుట్టుకను ఏడాదిలోపు భారత కాన్సులేట్‌లో నమోదు చేయించాలి. ఏడాది దాటితే కేంద్రం అనుమతి కావాలి. అది దొరికేదాకా ఆ బిడ్డ చేతిలో ఏమీ ఉండదు. ఒక జనన నమోదు ఫారం చెక్కు. గళ్లు, గీతలు, అచ్చు అక్షరాలు నల్లగా రావాలి. పేరు, పుట్టిన ఊరు, జాతీయత ఉన్న గళ్లలో మాత్రం కల్పించిన వివరాలను రెండో బ్లాకుతో ఇంకు లేకుండా ఒత్తు. ఎదురుగా నిలబడితే ఏమీ కనిపించదు, పక్క నుంచి వెలుతురు పడితే అక్షరాలు తేలతాయి.

ఆ ఒత్తుడుకు బ్లాకు మామూలు కంటే లోతుగా తవ్వాలి. మందపాటి నూలు కాగితాన్ని నీళ్లలో నానబెట్టి, బ్లాటింగ్ పేపర్ల మధ్య తడి పీల్పించి, అప్పుడు ప్రెస్ కింద పెట్టు. ప్రెస్ బదులు చెంచాతో రుద్దితే అక్షరాలు లేవవు. తెలుగు అక్షరాలు గుండ్రం కాబట్టి చెయ్యి తిప్పకు, బ్లాకునే తిప్పుతూ పో. ముందు విరిగేది తలకట్టే, దాని చుట్టూ ఆఖర్న తవ్వు. రాసింది తిరగేసి దించావో లేదో అద్దంలో చూసుకో. మే నెలలో ఇక్కడి ఎండకు లినో మెత్తబడి సన్న గీతలు చితికిపోతాయి, పొద్దున్నే కూర్చో.

ఇంకొకటి, ఇది నేను గట్టిగా చెప్తున్నా. అసలు మనిషి పేరు, కార్డు నంబరు, ముఖం, వేలిముద్ర, ఏదీ ప్రింటులోకి రావొద్దు. ఎగ్జిబిషన్‌లో ఎవరో ఫోన్‌తో ఫొటో తీసుకుంటే అది ఎక్కడికి పోతుందో నీ చేతిలో ఉండదు. నంబర్లు అక్కర్లేదు, ఖాళీ గడి చాలు. ఎవరి కథ విని చేశావో వాళ్లకు మొదటి ప్రూఫ్ చూపించు. ఏం చేశావో వాళ్ల భాష వచ్చినవాళ్లతో చెప్పించు. సరేనంటే ఎడిషన్, అంటే అసలు కాపీలన్నీ, అచ్చు వేసుకో, అందులో ఒక ప్రింటు వాళ్లకివ్వు. వద్దంటే ఎన్ని రోజులు కష్టపడ్డావన్నది చూడకుండా బ్లాకు మీద అడ్డంగా గీత కొట్టి రద్దు చేసెయ్, ఇంకొకటి మొదలుపెట్టు. ఫారం నమూనా దొరకగానే దాని కొలతలు నాకు పంపు. ప్రెస్ బెడ్డుకు సరిపోతుందో లేదో చూసి చెప్తా.

మీ పెదనాయిన
హన్మకొండ