కాక్టస్‌లకు ఆ నోరు తిరగని పేర్లు ఎవరు పెడతారు? మన పేరు పెట్టించుకోవచ్చా?

కొత్త జాతిని మొదట పద్ధతి ప్రకారం వర్ణించి అచ్చువేసినవాళ్లే పెడతారు. అర్థం తప్పని తర్వాత తేలినా, ఆ ఒక్క కారణంతో పేరు తీసేయడానికి లేదు. ఈ సంగతి నాకు వైజాగ్‌లో, మా ఎంవీపీ కాలనీ డాబా మీద తెలిసింది.

ఓ రాత్రి పదకొండింటికి అమ్మ పెంచిన బ్రహ్మకమలం విచ్చుకుంటే అపార్ట్‌మెంట్ మొత్తం డాబా ఎక్కేసింది. పక్కింటి పిన్నిగారు హారతి ఇవ్వబోతే సముద్రపు గాలికి నాలుగు అగ్గిపుల్లలు దండగ. నేను నోరు మూసుకుని ఉండొచ్చు కదా, "ఇది కాక్టసండీ, నాగజెముడికి చుట్టం" అన్నాను. "దేవుడి పువ్వును పట్టుకుని జెముడంటావా? ముళ్లేవిరా? ఆకు మీద పువ్వు పూసింది, కళ్లు కనబడట్లేదా!" అని ఆవిడ ఒకటే తిట్లు. అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లో ఉంటుందని, అది పొద్దుతిరుగుడు కుటుంబంలోదని కూడా చెబుదామనుకున్నాను గానీ అమ్మ చూపు చూసి మానేశాను.

ఫోన్‌లో వెతికితే మా డాబా మీది మొక్క పేరు ఎపిఫిల్లమ్ ఆక్సీపెటాలమ్. ఎపిఫిల్లమ్ అంటే ఏమిటనుకున్నారు? 'ఆకు మీద' అనే! నిజానికి అది ఆకు కాదు, చదునుగా పెరిగిన కాండం. అంటే పండితులు కూడా పిన్నిగారిలాగే పొరబడ్డారు, తేడా ఏమిటంటే వాళ్ల పొరపాటు లాటిన్ పేరై కూర్చుంది.

డబ్బున్నవాళ్ల పేర్ల సంగతి ఇంకో కథ. అరిజోనా ఎడారిలో నిలబడే ఆ పెద్ద సగ్వారో కాక్టస్‌కు 1908లో ఉక్కు వ్యాపారి కార్నెగీ పేరు తగిలించి కార్నెగియా అన్నారు. మనం గోల్డెన్ బ్యారెల్ అనే గుండ్రటి మొక్క పేరులోని గ్రుసోనీ కూడా అంతే, మాగ్డెబర్గ్ ఫ్యాక్టరీ యజమాని గ్రుసన్ పేరు. హుద్‌హుద్ వచ్చిన 2014లోనే దాన్ని ఎకినోకాక్టస్ నుంచి తీసి క్రోయెన్‌లీనియా అన్నారు, అంటే ఇంటిపేరు లాంటి మొదటి మాట మారింది, రెండో మాట గ్రుసోనీ మాత్రం కదల్లేదు. ఇక్కడ నర్సరీల వాళ్లకు ఈ గొడవే లేదు, ఏ కుండీ మీద చూసినా 'కాక్టస్', కింద ధర. అడిగితే "కాక్టసే సార్, నీళ్లు తక్కువ పొయ్యండి" అంటారు.

మీ పేరంటారా, మొక్కను వర్ణించేది మీరే అయితే సొంత పేరు పెట్టుకోవడం మర్యాద కాదు. కొత్త మొక్క కనిపెట్టే స్నేహితుణ్ణి చూసుకోండి.

పిన్నిగారు మాత్రం ఆ రాత్రి వెళ్తూ వెళ్తూ ఓ 'ఆకు' తుంచుకుపోయారు, నాటుకోవడానికి.